మావాడి బాకీ 208

మా బట్టల బీరువా పై అరలో ఎర్ర అట్ట బైండు పుస్తకం ఒకటుంది. మా ఆయన దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తా, అక్కడి నుంచి తెచ్చిందే. పసుపు బస్తాల పద్దులు రాయాల్సిన పుస్తకంలో నేను పదకొండేళ్లు మా చిన్నోడి రక్తం లెక్క రాశాను. తేదీ, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ ఎంత, ఆ రోజు బరువు ఎంత, ప్యాకెట్ మీద నంబరు ఎంత. మొదటి పద్దు 2007 జనవరిలో, చివరిది 2018 జనవరిలో. మొత్తం 208 ప్యాకెట్లు. అన్నిసార్లు ఎవరో ఒకరు చెయ్యి చాపి పడుకుంటే మావాడు లేచి నడిచాడు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలీదు.

చిన్నోడు పుట్టింది 2006 మే 10న. ఆరో నెల దాకా బాగానే ఉన్నాడు. ఆ తర్వాత పాలు తాగడం తగ్గింది, అరచేతులు పాలిపోయాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. దిష్టి తీయించాం. పసరు పోయించాం. ఎవరో చెబితే ఐరన్ టానిక్కు రెండు సీసాలు పట్టించాం. వాడికి పోయకూడనిది అదేనని తర్వాత తెలిసింది. గుంటూరులో పిల్లల డాక్టరు గారు వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, ప్లీహం వాచింది, ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకోండి అన్నారు. వాడికి తలసీమియా మేజర్. నాకూ మా ఆయనకూ ఆ లోపం సగం సగం ఉందట. మాకు జబ్బుండదు, ఊరికే మోస్తూ ఉంటాం. మోసేవాళ్లిద్దరూ ఒకటైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు పూర్తి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మా పెద్దమ్మాయి తప్పించుకుంది, వీడికి వచ్చింది. మాది మేనరికం. మా ఆయన మా మేనత్త కొడుకు.

ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో మంచి ఎర్రకణాలు తయారు కావు. మూడు నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించిన ప్రతి ప్యాకెట్‌తో పాటు 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోపలికి పోతుంది. దాన్ని బయటికి పంపే దారి మనిషి ఒంట్లో లేదు. కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. అందుకని ఇనుమును లాగేసే మాత్రలు రోజూ వేయాలి. తిండిలో కూడా ఇనుము తగ్గించమన్నారు. మామూలు తల్లులు పిల్లలకు కొసరి కొసరి పెట్టేవన్నీ నేను దాచిపెట్టాను. తోటకూర, మునగాకు, ఖర్జూరం, బెల్లం. అన్నంతో పాటు టీ ఇస్తే ఇనుము ఒంటికి తక్కువ పడుతుందని చెప్పారు. మూడేళ్ల పిల్లాడి కంచం పక్కన టీ గ్లాసు పెడితే చూసినవాళ్లు నన్ను తల్లివేనా అన్నట్టు చూసేవాళ్లు. మా వైపు సున్నుండలు బెల్లంతోనే చేస్తారు. నేను పంచదారతో చేసేదాన్ని. పక్కింటివాళ్లు బెల్లం సున్నుండ ఇస్తే వాడు తినకుండా ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నాలుగేళ్లు కూడా లేవు అప్పటికి.

2018 సంక్రాంతి వెళ్లిన వారానికి పోయాడు. గుండె. మాత్రలు కొన్ని నెలలు దొరకలేదు, కొన్ని నెలలు కొనలేకపోయాం. ఇంతకు మించి ఇక్కడ రాయలేను.

పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకే మాట అన్నారు. "ఋణం తీరిపోయిందమ్మా, తీర్చుకుని వెళ్లిపోయాడు." మనలో పసిబిడ్డ పోతే అనే మాటే అది, ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఏం తీరింది? బీరువాలో పుస్తకం ఉంది. అందులో 208 అని ఉంది. వాడు ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే పోయాడు. పన్నెండేళ్లు కూడా నిండని వాడు ఏమివ్వగలడు? పెద్దవాడై ఉంటే సంపాదించి ఏదో రూపంలో తీర్చేవాడు. ఆ బాకీ ఇక నాది.

ఇది వెంటనే తట్టిన ఆలోచన కాదు. ఆ ఏడు మేలో వాడి పుట్టినరోజు వస్తుంటే ఇంట్లో ఎవరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. మా అత్తయ్య అన్నదానం చేయిద్దామన్నారు. తెనాలిలో ఒక వృద్ధాశ్రమంలో అరవై మందికి భోజనాలు పెట్టించాం. పులిహోర, బూరెలు, పెరుగన్నం. పెద్దవాళ్లు కడుపునిండా తిని దీవించారు. నేను వడ్డిస్తూనే ఉన్నాను కానీ మనసు అక్కడ లేదు. అన్నదానాన్ని తక్కువ చేయడం లేదు, అంతకంటే పెద్దది లేదని నమ్మే ఇంట్లోనే పుట్టాను. మావాడికి లోటు జరిగింది అన్నం దగ్గర కాదు, అంతే. వాడు ఎదురుచూసింది వేరే దానికోసం.

2013 మే గుర్తొచ్చింది. ఆ నెలలో తొమ్మిది రోజులు వాడికి రక్తం దొరకలేదు. హిమోగ్లోబిన్ 5.2కి పడిపోయింది. ఎండాకాలం కాలేజీలకు సెలవులు, అందుకని రక్తదాన క్యాంపులు జరగవు, బ్లడ్ బ్యాంకుల్లో ఫ్రిజ్‌లు ఖాళీ. తలసీమియా పిల్లలకు ప్రభుత్వ బ్లడ్ బ్యాంకులో రక్తం ఉచితమే, కానీ ఉంటే కదా. ఒక పెద్దాసుపత్రి గేటు బయట ఒకతను వచ్చి, ప్యాకెట్‌కు 3,500 ఇస్తే మనిషిని పంపిస్తానన్నాడు. డబ్బుకు రక్తం అమ్మడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. ఆ సంగతి నాకప్పుడు తెలీదు. తెలిసినా ఇచ్చేసేదాన్నే. జేబులో అంత లేక ఇవ్వలేదు. ఆసుపత్రి మెట్లు నాలుగు ఎక్కి చిన్నోడు కూర్చుండిపోయాడు, "అమ్మా, కాసేపాగి ఎక్కుతా" అని.

2018 దీపావళి వెళ్లాక గుంటూరులో మేము ఎప్పుడూ వెళ్లే బ్లడ్ బ్యాంకుకు ఒక్కదాన్నే వెళ్లాను. ముందు నా రక్తం ఇద్దామనుకున్నాను. అక్కడి అమ్మాయి నా వేలికి సూది గుచ్చి, గాజు గొట్టంతో ఒక చుక్క తీసి నీలం రంగు నీళ్ల గిన్నెలో వదిలింది. మైలుతుత్తం కలిపిన నీళ్లవి. హిమోగ్లోబిన్ 12.5 ఉన్న చుక్క ఆ నీళ్లలో మునుగుతుంది, తక్కువైతే తేలుతుంది. నా చుక్క తేలింది. కాసేపు పైనే తిరిగి విచ్చిపోయింది. మెషిన్‌లో చూస్తే 10.4. తలసీమియా లోపం మోసేవాళ్లలో చాలామందికి అంతే ఉంటుంది. మా ఆయనకూ చాలదు. మా అమ్మాయికీ నా లోపమే ఉంది, తనకీ చాలదు. అత్తయ్యకు డెబ్బై దాటాయి. అంటే మా ఇంట్లో ఎవరి రక్తమూ ఒకరికి ఇవ్వడానికి పనికిరాదు. ఆ రోజు ఇంటికి వచ్చే బస్సులో నాకు ఒకటి తెలిసొచ్చింది. ఇవ్వడం నా వల్ల కాదు, నాకు మిగిలింది అడగడమే. జాకెట్లు కుట్టుకునే నేను అప్పటిదాకా ఎవరినీ చేబదులు కూడా అడిగి ఎరగను.

క్యాంపులు చూసే ఆయన నన్ను కూర్చోబెట్టి అన్నీ ఓపిగ్గా చెప్పారు. క్యాంపు మనం సొంతంగా పెట్టకూడదు, లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు వాళ్లే వచ్చి తీసుకోవాలి. డాక్టరు, టెక్నీషియన్లు, మడత మంచాలు, సంచులు, రక్తాన్ని చల్లగా ఉంచే పెట్టెలు అన్నీ వాళ్లవే. గాలీ వెలుతురూ ఉన్న గది, ఫ్యాన్లు, కరెంటు పోతే ఇన్వర్టరు, నీళ్లు, బల్లలు, దాతలకు పలహారం మనవి. కనీసం పాతిక మందన్నా వస్తారంటేనే బండి తెస్తామన్నారు. తేదీ అడిగారు. మే 10 అన్నాను.

"మేలో వద్దమ్మా. ఎండకు ఎవరూ రారు. జూలైలో పెట్టుకోండి, కాలేజీలు తెరుస్తారు" అన్నారాయన.

"ఎవరూ రారు కనకే మేలో పెడదామంటున్నానండీ. మావాడు మేలోనే ఎక్కువ ఎదురుచూశాడు" అన్నాను. ఆయన మరింకేమీ అనలేదు, డైరీలో రాసుకున్నారు.

ఫిబ్రవరి నుంచి అడగడం మొదలుపెట్టాను. కుట్టుపనికి వచ్చే ఆడవాళ్లతో మొదలు. కొలతలు తీసుకుంటూనే చెప్పేదాన్ని, పద్దెనిమిది నిండి అరవై అయిదు లోపు ఉండాలి, బరువు 45 కిలోలు దాటాలి, తీసేది 350 మిల్లీలీటర్లు, మీ ఒంట్లో ఉండేది నాలుగైదు లీటర్లు అని. తల ఊపేవాళ్లు. ఆ తర్వాత నా దగ్గరికి కుట్టుకు రావడమే తగ్గించినవాళ్లూ ఉన్నారు. పాపం వాళ్ల తప్పు కాదు. రక్తం ఇస్తే నీరసించిపోతామని, ఎండాకాలంలో అయితే వడదెబ్బ తగులుతుందని, మగాళ్లకు పని చేసే సత్తువ పోతుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. "బిడ్డ పోయిన బాధలో ఏదో చేస్తోంది" అని నా వెనక అనుకునేవాళ్లు. అది నిజమే. బాధలోనే చేస్తున్నాను. బాధ లేకుండా ఇది చేయాలని నేను తాపత్రయపడలేదు కూడా.

రామాలయం మైకులో చెప్పించాం. చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు చెప్పారు. మసీదు వీధి కుర్రాళ్లు ఆరుగురు పేర్లిచ్చారు, కానీ 2019లో మే 7నే రంజాన్ మొదలైంది. ఉపవాసంతో రక్తం ఇవ్వకూడదన్నారు బ్లడ్ బ్యాంకు వాళ్లు. "పండగ వెళ్లాక మేమే గుంటూరు వెళ్లి ఇస్తాం పిన్నీ" అన్నారు వాళ్లు. పండగ వెళ్లాక నేను గుర్తు చేయకుండానే ఆరుగురూ వెళ్లి ఇచ్చారు.

మే 10 పొద్దున ఎనిమిదికి హైస్కూల్లో రెండు గదులు సిద్ధం చేశాం. మొదట మా తమ్ముడు పడుకున్నాడు. తొమ్మిదిన్నర దాకా ముగ్గురే. టెక్నీషియన్లు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. అత్తయ్య బెంచీ మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా చీర చెంగు మెలిపెడుతున్నారు. అప్పుడు దుగ్గిరాల వైపు నుంచి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పసుపు యార్డు హమాలీలు, పదకొండు మంది. చిన్నోడు సెలవుల్లో వాళ్ల నాన్నతో యార్డుకు వెళ్లి బస్తాల మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. ఆ పరిచయం. వాళ్ల చేతులు మోచేతుల దాకా పసుపు పట్టి ఉన్నాయి. టెక్నీషియన్ అమ్మాయి స్పిరిట్ దూదితో ఎంత తుడిచినా దూది పచ్చగానే వస్తోంది. నాలుగు ఉండలు మార్చింది. పదకొండు మందిలో ఇద్దరికి బీపీ ఎక్కువుందని వద్దన్నారు. మిగతా తొమ్మిది మంది చుక్కలూ నీలం నీళ్లలో రాయిలా మునిగాయి.

రక్తం ఇచ్చిన రోజు బరువులు ఎత్తకూడదని డాక్టరు గారు చెప్పారు. హమాలీకి బరువు ఎత్తకపోతే కూలి లేదు. ఆ సంగతి నేను ముందు ఆలోచించుకోలేదు. వాళ్ల సగం రోజు కూలి నేనిస్తానని క్యాంపు చూసే ఆయనతో అన్నాను. "అది మాత్రం చేయకండమ్మా. రూపాయి చేతులు మారితే అది దానం కాకుండా పోతుంది" అన్నారు. దాతలకు ఇద్దామని వాడి పేరు చెక్కించిన స్టీలు టిఫిన్ బాక్సులు తెచ్చి పెట్టుకున్నాను. అంత ఖరీదైనవి కూడా వద్దన్నారు. బహుమతికి ఆశపడి జబ్బు దాచిపెట్టి ఇచ్చేవాళ్లుంటారట, అది ఎక్కించుకునే బిడ్డకే ప్రమాదం. ఆ బాక్సులు తర్వాత హైస్కూల్లో మధ్యాహ్నం భోజనం తినే పిల్లలకు ఇచ్చాం. హమాలీల కూలి మాత్రం ఇప్పటికీ నా మనసులో బాకీగానే ఉంది. అది పుస్తకంలో రాసే రకం కాదు.

దాతలకు పలహారం నా సొంతం. నిమ్మరసం, అరటిపండు, సున్నుండ. ముందురోజు రాత్రి సున్నుండలకు మినుములు వేయించి పట్టించాక బెల్లం డబ్బా మూత తీశాను. పదకొండేళ్లుగా ఆ డబ్బాను వాడికి అందనంత ఎత్తులో పెట్టిన చెయ్యి ఇది. రక్తం ఇచ్చినవాళ్ల ఒంట్లోంచి ఇనుము పోతుంది కాబట్టి వాళ్లు బెల్లం తినాలి, మునగాకు తినాలి, తోటకూర తినాలి. నేను దాచిపెట్టినవన్నీ వాళ్లకు పెట్టాలి. నెయ్యి పోసి ఉండలు చుడుతుంటే కళ్లు కనిపించలేదు. మా అమ్మాయి వచ్చి పళ్లెం తన వైపు లాక్కుని మిగతావి చుట్టింది. ఇప్పటికీ ప్రతి మే 9 రాత్రి మేమిద్దరమే చుడతాం. మాట్లాడుకోం.

ఆ రోజు పాతిక ప్యాకెట్లు, తర్వాత ఆరుగురు కుర్రాళ్లవి. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి 208 కింద గీత గీసి 31 అని రాశాను.

2020లో క్యాంపు లేదు. లాక్‌డౌన్. రైళ్లు, బస్సులు లేవు. తలసీమియా పిల్లల తల్లులు ఆసుపత్రి వరండాలో ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్లం కాబట్టి వాళ్ల దగ్గర నా నంబరుంది. రోజుకు నాలుగైదు ఫోన్లు. అక్కా, ఎవరైనా ఉన్నారా అని. బ్లడ్ బ్యాంకు వాళ్ల లెటరు తీసుకుని, బండి మీద ఒక్కొక్కరుగా, పోలీసులకు చూపించుకుంటూ మా ఊరి నుంచి 14 మంది వెళ్లి ఇచ్చి వచ్చారు. 2021లో రెండో వేవ్. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. టీకా వేయించుకున్నవాళ్లు కొన్నాళ్లు ఆగాలన్నారు. పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టి పన్నెండు లోపు 19. ఇద్దరిద్దరినే లోపలికి పంపాం. 2022లో సరిగ్గా ఆ రోజుకే అసని తుఫాను మన తీరానికి వచ్చింది. ఈదురుగాలి, వాన, కరెంటు లేదు. చేసిన సున్నుండలన్నీ ఇరుగుపొరుగుకు పంచి, పది రోజులు ఆగి మళ్లీ చేశాను. 38 వచ్చాయి.

ఈలోగా నేనొక తప్పు చేస్తున్నానని తెలిసింది. ఎర్రకణాల ప్యాకెట్ నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులే. ఒకే రోజు యాభై మందితో ఇప్పించి సంబరపడితే జూలైలో వచ్చే బిడ్డకు ఏమీ ఉండదు. ఆ బిడ్డకు మూడు వారాలకోసారి కావాలి, నాకు ఏడాదికోసారి పండగ కావాలంటే ఎలా? అప్పటి నుంచి పుస్తకం వెనక పేజీల్లో పేర్లు, గ్రూపులు, చివరిసారి ఇచ్చిన తేదీలు రాసుకున్నాను. మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు నిండితేనే మళ్లీ ఫోన్. గుంటూరు నుంచి ఎవరికైనా కావాలని కబురొస్తే వెనక పేజీలు తిప్పుతాను. అలా వెళ్లి ఇచ్చినవి ఏ బిడ్డకు ఇస్తే ఆ బిడ్డ పేరునే రాస్తాను. చిన్నోడి బాకీలో జమకట్టను. అప్పటి నుంచీ వాడి లెక్క మే నెలదే. నా చాదస్తం అనుకోండి.

దీనికంటే కష్టమైన పని ఇంకొకటి ఉంది. రక్తం ఇవ్వమంటే జనం మొహమాటానికైనా ఇస్తారు. తలసీమియా లోపం ఉందేమో పరీక్ష చేయించుకోమంటే తలుపులు పడతాయి. హిమోగ్లోబిన్ ఎ2 అని ఒక్క పరీక్ష. 3.5 శాతం దాటితే మోసేవాళ్లని అర్థం. పెళ్లికి ముందు చేయించుకుంటే చాలు. పెళ్లయిపోయినా, నెల తప్పిన వెంటనే ఇద్దరూ చేయించుకుంటే, ఇద్దరికీ ఉందని తేలితే మూడో నెలలోనే కడుపులో బిడ్డకు పరీక్ష చేసే వీలుంది. ఇంత తేలిక సంగతి నాకు 2005లో ఎవరైనా చెప్పి ఉంటే! 2023లో క్యాంపు రోజునే ఈ పరీక్ష కూడా పెడదామన్నాను. ఇంట్లోనే గొడవైంది. "మన రక్తంలో లోపముందని ఊరంతా చాటుతావా అమ్మాయ్? పిల్ల పెళ్లి కావద్దా?" అని అత్తయ్య రెండు రోజులు అన్నం తినలేదు. ఆవిడ భయం నాకు అర్థమైంది. మా సంబంధం కుదిర్చింది ఆవిడే, అన్న కూతురు కళ్లముందే ఉండాలని చేసుకున్నారు. మనవడు పోయాక ఆ మాట ఎవరూ అనకపోయినా ఆవిడ తనలో తాను అనుకుంటూనే ఉన్నారు. నేను పక్కన కూర్చుని, "మేనరికం చేసుకోని వాళ్లకీ ఈ జబ్బు వస్తుంది అత్తయ్యా. మీరు చేసింది తప్పు కాదు, మనకు తెలియకపోవడమే" అన్నాను. మేనరికంలో ఒకే లోపం ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువన్న మాట మింగేశాను. అది ఆవిడకు చెప్పాల్సిన మాట కాదు, పెళ్లీడు పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి, చెబుతున్నాను.

చివరికి మా అమ్మాయే తేల్చింది. "నాకు ఉందని ముందే చెప్పి, అవతలి అబ్బాయికి పరీక్ష చేయించమంటాను. ఒప్పుకోని సంబంధం నాకెందుకు నాయనమ్మా?" అంది. ఆ ఏడు పదిహేడు మంది పరీక్షకు చెయ్యిచ్చారు. అందులో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. అమ్మాయికి ఉంది, అబ్బాయికి లేదు. అంటే పుట్టే బిడ్డకు మేజర్ రాదు. ఆ పిల్ల రిపోర్టు పట్టుకుని మా ఇంటికి వచ్చి వంటింట్లో గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది, భయం పోయిన ఏడుపు. అత్తయ్యే మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

ఆ ఏడు 47. అప్పటికి జమ 149.

ఈ ఏడు, 2024లో, మే 13న పోలింగ్. హైస్కూలు పోలింగ్ కేంద్రం, అడిగినా ఇవ్వరు. ప్రచారం జోరుగా ఉన్న రోజులు, ఏ పార్టీ వాళ్లు పెట్టించారోనని అనుమానంగా అడిగినవాళ్లున్నారు. బ్యానరు మీద ఏ రంగూ లేకుండా తెల్లగుడ్డ మీద నల్లక్షరాలు రాయించాను. రామాలయం పక్క కల్యాణ మండపం ఇచ్చారు. ఓటు వేయడానికి హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ముందే వచ్చిన పిల్లలు చాలామంది వచ్చారు. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కాలేదని ఒకరిని, ముందురోజు రాత్రి తాగాడని ఒకరిని డాక్టరు గారు వెనక్కి పంపారు. నలభై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు, తొమ్మిది మంది చుక్కలే మునిగాయి. తేలిన ప్రతి ఒక్కరికీ మునగాకు పొడి పొట్లం, డాక్టరుకు చూపించుకోమని చీటీ ఇచ్చాను. తేలిన చుక్కను చూసి వాళ్ల ముఖాలు ఎలా అవుతాయో నాకు తెలుసు.

పదకొండింటప్పుడు సన్నగా, పొడుగ్గా ఒక అబ్బాయి ఫారం పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు. నేను గుర్తుపట్టలేదు. "ఆంటీ, నేను మీవాడి పక్క బెంచీ. అయిదో తరగతిలో వాడు రక్తం ఎక్కించుకోడానికి వెళ్లిన రోజుల్లో నోట్సు నేనే రాసిచ్చేవాణ్ని" అన్నాడు. అప్పుడు చూశాను. మావాడు ఉంటే ఇంత పొడుగుండేవాడు. తలసీమియా పిల్లలు అంత ఎత్తు పెరగరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో అంతే పొడుగుండేవాడని అనిపించింది.

ఫారం చూసిన డాక్టరు గారు పుట్టినతేదీ దగ్గర ఆగారు. 2006 జూన్ 22. పద్దెనిమిది నిండడానికి ఇంకా నెలన్నర. కుదరదన్నారు. "నలభై రోజులే కదా సార్" అని బతిమాలాడు. రూలు రూలే, వద్దన్నారు. నేనూ ఆయన పక్షానే నిలబడ్డాను. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి వచ్చి, అడగకుండానే నిమ్మరసం జగ్గు అందుకున్నాడు. సాయంత్రం మంచాలు మడిచేదాకా అందరికీ గ్లాసులు అందిస్తూనే ఉన్నాడు. ప్రతి దాతకూ సున్నుండ ఇస్తూ "మొత్తం తినండి, వదిలేయకండి" అంటున్నాడు.

51 వచ్చాయి. జమ 200. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

మొన్న వాడే ఫోన్ చేశాడు. జూన్ 22 శనివారం పుట్టినరోజు, 23 ఆదివారం పొద్దున గుంటూరు వెళదాం ఆంటీ, నాతో మీరు రండి, నాది మాత్రం వాడి లెక్కలోనే రాయండి అన్నాడు. మే నెలది కాదే అని ఒక్క క్షణం ఆగాను. సరేనన్నాను. పుస్తకంలో 201 అని పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను, ఆ రోజు చుక్క మునిగాక ఇంకు పెడతాను. ముందురోజు రాత్రి త్వరగా పడుకోమన్నాను. ఖాళీ కడుపుతో బయల్దేరొద్దని, ఏడింటికల్లా మా ఇంటికి వస్తే దోసెలు పోసి పెడతానని చెప్పాను.